చేతి కాగితం చరిత్ర: రాయ్‌పూర్ జైలు పత్రిక నుంచి గ్రీటింగ్ కార్డు దాకా

ఆధునిక భారత చరిత్రలో "చేతివృత్తుల క్షీణత" అనగానే మనలో ఎక్కువ మందిమి ఢాకా మస్లిన్, మాంచెస్టర్ బట్ట అని రెండు లైన్లు రాసి ముందుకు వెళ్లిపోతాం. ఎగ్జామినర్ ముందుకు అదే ఉదాహరణ కట్టలకొద్దీ వస్తుంది. ఈ వ్యాసంలో ఇంకో ఉదాహరణ తీసుకుందాం. మనం రోజూ పదుల సంఖ్యలో ఖర్చు చేస్తూ కూడా దాని చరిత్ర పట్టించుకోని వస్తువు: కాగితం.

ఇప్పుడు చేత్తో చేసిన కాగితం మనకు ఎక్కడ కనిపిస్తుంది? గ్రీటింగ్ కార్డుల్లో, పెళ్లి శుభలేఖల్లో, ఖరీదైన డైరీల్లో, గిఫ్ట్ కవర్లలో. ఒకప్పుడు రాజుల ఫర్మానా నుంచి కోమటి చిట్టా దాకా అన్నీ దాని మీదే నడిచాయి. దేశం మొత్తం రాసుకున్న కాగితం అలంకార వస్తువుగా ఎలా మారింది? దాన్ని చంపిందెవరు, బతికించిందెవరు? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు దొరికితే జీఎస్-1 చరిత్ర, జీఎస్-3 ఆర్థికం రెండింటికీ పనికొచ్చే ఒక మంచి కేస్ స్టడీ మీ చేతిలో ఉన్నట్టే. రాయ్‌పూర్‌లో ఉండి ఛత్తీస్‌గఢ్ పీఎస్సీకి కూడా చదువుతున్న మన తెలుగువాళ్లకు ఇందులో రెండు స్థానిక అంశాలు అదనంగా దొరుకుతాయి.

కాగితం మన దాకా ఎలా వచ్చింది?

చైనాలో క్రీ.శ. 105లో కాయ్ లున్ అనే రాజోద్యోగి కాగితం తయారీని చక్రవర్తికి నివేదించాడని చైనా చరిత్ర చెబుతుంది. 751లో తలాస్ యుద్ధం తర్వాత ఈ విద్య సమర్‌ఖండ్ చేరి, అక్కడి నుంచి అరబ్బు ప్రపంచమంతా పాకింది. భారత్‌లో వృత్తిగా స్థిరపడింది సుల్తానుల కాలంలో. కశ్మీర్ సుల్తాన్ జైనుల్ ఆబిదీన్ 15వ శతాబ్దంలో సమర్‌ఖండ్ పద్ధతి తెలిసిన పనివాళ్లను రప్పించి తన రాజ్యంలో కాగితం తయారీని నిలబెట్టాడు.

కాగితం చేసేవాళ్లను కాగ్జీలు అన్నారు. జైపూర్ దగ్గరి సాంగానేర్, అహ్మదాబాద్, పుణె దగ్గరి జున్నార్, ఉత్తరాన కాల్పీ వాళ్ల కేంద్రాలు. దక్కన్‌లో దౌలతాబాద్ పక్కన ఉన్న ఊరి పేరే కాగజీపురా. మహమ్మద్ బిన్ తుగ్లక్ 1327లో రాజధానిని దౌలతాబాద్‌కు మార్చినప్పుడు వెంట వచ్చిన పనివాళ్లే అక్కడ స్థిరపడ్డారని ఆ ఊరి సంప్రదాయం చెప్పుకుంటుంది. తెలంగాణలో ఇప్పటి మహబూబ్‌నగర్ జిల్లా కోయిల్‌కొండ కూడా చేతి కాగితానికి పేరున్న ఊరే.

మన తెలుగు నేల మీద మాత్రం తాటాకు, గంటం చాలా కాలం కాగితంతో పోటీ పడ్డాయి. గ్రామ లెక్కలు, కావ్యాలు తాటాకు మీదే ఉండేవి. 19వ శతాబ్దంలో సి.పి.బ్రౌన్ పండితులకు జీతాలిచ్చి తాళపత్ర గ్రంథాలను సేకరించి, సరిపోల్చి, కాగితం మీదికి ఎక్కించే పని పెద్ద ఎత్తున చేయించాడు. "కాగితం" అన్న మన మాట కూడా పారసీ "కాగజ్" నుంచి వచ్చిందే. వస్తువు, పేరు రెండూ ఒకే దారిన వచ్చాయన్నమాట.

తయారీ: ఇందులో సైన్స్ ఎంత?

ఈ భాగం తేలిగ్గా తీసుకోకండి. తర్వాతి చరిత్రంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

పాత గుడ్డపేలికలు, గోనె ముక్కలు, జనపనార తాళ్లు, వాడేసిన కాగితం: ఇవీ ముడిసరుకు. వీటిని ఏరి, ముక్కలు చేసి, సున్నపు నీళ్లలో నానబెడతారు. తర్వాత దంచి, కడిగి, మళ్లీ దంచి గుజ్జు చేస్తారు. ఆ గుజ్జును తొట్టిలో నీళ్లలో కలిపి, గడ్డిపుల్లలతో అల్లిన సన్నని చాపలాంటి జల్లెడను ముంచి పైకి లేపుతారు. నీళ్లు కారిపోతాయి, నార పొరలా నిలుస్తుంది. ఆ పొరను ఒకదాని మీద ఒకటి బోర్లించి, బరువు పెట్టి నీరు పిండి, గోడకు అంటించి ఆరబెడతారు. ఆరిన కాగితానికి గంజి పెట్టి, నున్నటి రాయితో రుద్ది మెరుగు పెడతారు. కాగితానికి గంజి ఎందుకంటే, సిరా పీల్చుకుని పాకిపోకుండా ఉండాలి.

ఇందులో జిగురు లేకుండా కాగితం ఎలా అతుక్కుంటుంది? మొక్కల నారలో ఉండే సెల్యులోజ్ అణువులు నీరు ఆవిరైపోతున్నప్పుడు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పత్తిలో దాదాపు 90 శాతానికి పైగా సెల్యులోజే. కలపలో అది సగానికి అటూ ఇటూ ఉంటుంది, మిగతా దానిలో లిగ్నిన్ ఒక ముఖ్య భాగం. లిగ్నిన్ తీయకుండా చేసిన చవక కాగితం వెలుతురుకు పసుపెక్కి పెళుసు అవుతుంది. వార్తాపత్రిక నెలల్లో పసుపెక్కి, పేలిక కాగితం మీది పాత రాతప్రతి శతాబ్దాలు నిలవడానికి ముఖ్యమైన కారణం ఇదే.

క్షీణత: ఒక్క కారణం రాస్తే సగం మార్కులే

"యంత్రం వచ్చింది, చేతి పని పోయింది" అని రాస్తే తప్పు కాదు గానీ, అసంపూర్ణం. మూడు కారణాలను విడివిడిగా చూడండి.

మొదటిది యంత్రం. 1799లో ఫ్రాన్స్‌లో నికొలా లూయీ రాబేర్ నిరంతరంగా సాగే కాగితపు యంత్రానికి పేటెంట్ పొందాడు. దాన్ని ఇంగ్లండ్‌లో ఫూర్‌డ్రినియర్ సోదరులు అభివృద్ధి చేయించారు. 19వ శతాబ్దం మధ్యలో కలప గుజ్జు వచ్చాక ధర బాగా పడిపోయింది. భారత్‌లో శ్రీరాంపూర్ మిషనరీలు కాగితం తయారీకి 1820లోనే ఆవిరి యంత్రం తెప్పించారు. ఆ శతాబ్దం చివరి భాగంలో బాలీ, లక్నో, టిటాగఢ్, పుణె, రాణీగంజ్ మిల్లులు ఒక్కొక్కటిగా వచ్చాయి.

రెండోది ప్రభుత్వ కొనుగోలు. చార్లెస్ వుడ్ పేరు మనకు 1854 విద్యా తాఖీదుతో పరిచయం. అదే వుడ్ 1859 నుంచి 1866 దాకా భారత వ్యవహారాల మంత్రిగా ఉన్నాడు. ఆ కాలంలో భారత ప్రభుత్వానికి కావలసిన కాగితం బ్రిటన్‌లోనే కొనాలని ఆదేశం వెలువడింది. అప్పట్లో కాగితానికి అతిపెద్ద కొనుగోలుదారు సర్కారే: కచేరీలు, కోర్టులు, రెవెన్యూ లెక్కలు. ఒకే వ్యక్తి పేరుతో ముడిపడిన ఒక విధానం బడుల ద్వారా కాగితం గిరాకీని పెంచితే, మరో విధానం ఆ గిరాకీ దేశీయ పనివాడికి చేరకుండా మళ్లించింది. జవాబులో ఈ వైరుధ్యాన్ని ఒక్క వాక్యంలో రాయగలిగితే చాలు.

మూడోది జైళ్లు. దీన్ని చాలామంది వదిలేస్తారు. 19వ శతాబ్దంలో చాలా ప్రావిన్సుల జైళ్లలో ఖైదీలతో కాగితం చేయించారు. పద్ధతి కాగ్జీలదే, కానీ కూలి ఖర్చు దాదాపు లేదు. కుటుంబమంతా కలిసి పనిచేసి బతికే కాగ్జీ ఆ ధరతో ఎలా పోటీ పడగలడు? అంటే చేతి పనిని దెబ్బతీసింది యంత్రం ఒక్కటే కాదు. జీతం లేని ఇంకో చేతి పని కూడా.

ఈ మూడింట్లో రెండు టెక్నాలజీకి సంబంధించినవి కావు, విధానానికి సంబంధించినవి. ఈ తేడాను గుర్తుంచుకోండి. వ్యాసం చివర్లో మళ్లీ అవసరం పడుతుంది.

రాయ్‌పూర్ జైలులో ఒక చేతిరాత పత్రిక

జైలు, కాగితం అన్న రెండు మాటలు ఛత్తీస్‌గఢ్ చరిత్రలో ఇంకో రకంగా కలిశాయి. పండిట్ సుందర్‌లాల్ శర్మ 1881లో రాజిమ్ ప్రాంతంలో పుట్టారు. ఛత్తీస్‌గఢీ సాహిత్యంలో "దానలీల" కావ్యంతో పేరు పొందిన కవి. 1920లో ధమ్తరీ దగ్గర కండేల్ కాలువ సత్యాగ్రహానికి నాయకత్వం వహించిన వారిలో ఒకరు. అంటరానితనానికి వ్యతిరేకంగా పనిచేసి "ఛత్తీస్‌గఢ్ గాంధీ" అనిపించుకున్నారు. సహాయ నిరాకరణ కాలంలో ఆయన్ను రాయ్‌పూర్ జైలులో పెట్టారు. అక్కడ 1922-23లో చేతిరాతతో ఒక పత్రిక నడిపారు. పేరు "శ్రీకృష్ణ జన్మస్థాన్". కృష్ణుడు పుట్టింది చెరసాలలోనే కదా, అందుకని ఆ పేరు.

దీన్ని ప్రిలిమ్స్ బిట్‌గా మాత్రమే బట్టీ పట్టి వదిలేయకండి. ప్రెస్సు లేదు, టైపు లేదు, పంపిణీ లేదు. ఉన్నది కాగితం, సిరా, చెయ్యి. అయినా అది పత్రికే అయింది. 1900లో పేండ్రా నుంచి మాధవరావు సప్రే అచ్చువేసిన "ఛత్తీస్‌గఢ్ మిత్ర"తో దీన్ని పోల్చి చూడండి. జాతీయోద్యమంలో పత్రికల పాత్ర గురించి రాసేటప్పుడు అచ్చు పత్రికల పక్కన ఈ చేతిరాత పత్రికనూ పెడితే జవాబుకు స్థానికత వస్తుంది. జైళ్లలో కాగితం చేయించిన అదే వలస పాలనలో, ఒక జైలు ఖైదీ కాగితాన్ని తన గొంతుగా చేసుకున్నాడు.

వార్ధా: కాగితానికి రెండో పుట్టుక

1934 డిసెంబరులో వార్ధాలో అఖిల భారత గ్రామోద్యోగ సంఘం ఏర్పడింది. గాంధీజీ మార్గదర్శి, జె.సి.కుమారప్ప కార్యదర్శి. వార్ధా, రాయ్‌పూర్ రెండూ అప్పట్లో ఒకే ప్రావిన్సు, సెంట్రల్ ప్రావిన్సెస్ అండ్ బేరార్‌లో ఉండేవి. అంతకు ముందు ఏడాది, 1933 నవంబరులో హరిజన యాత్రలో గాంధీజీ రాయ్‌పూర్ వచ్చి వెళ్లారు.

కుమారప్ప తంజావూరు మనిషి, చదువుకు చార్టర్డ్ అకౌంటెంట్. అందుకే గ్రామోద్యోగాలను ఆయన సెంటిమెంటుగా కాక లెక్కగా చూశారు. ముడిసరుకు ఊళ్లో ఉందా? పనిముట్టు ఊళ్లో బాగుచేసుకోవచ్చా? కొనేవాడు దగ్గరలో ఉన్నాడా? ఎండు గడ్డి, పేలికలు, పాత కాగితం ప్రతి ఊళ్లో దొరికేవే కాబట్టి, బియ్యం దంపుడు, గానుగ నూనె, బెల్లం సరసన చేతి కాగితానికీ సంఘం కార్యక్రమంలో చోటు దక్కింది. వచ్చిన కవర్ల లోపలి వైపు కూడా రాతకు వాడుకునే గాంధీజీ అలవాటు మనందరికీ తెలుసు. దాన్ని పొదుపు కథగానే చెప్పుకుంటాం. ముడిసరుకు విలువ తెలిసినవాడి అలవాటుగా కూడా చూడొచ్చు.

గ్రామోద్యోగ సంఘంతో కలిసి కాగితంపై ప్రయోగాలు చేసిన కె.బి.జోషీ 1940లో పుణెలో చేతి కాగితం సంస్థను నిలబెట్టారు. పాత దంపుడు పద్ధతిలో ఉన్న విపరీతమైన శ్రమను తగ్గిస్తూ, నాణ్యతను ఒకే స్థాయిలో ఉంచడం అక్కడి ప్రయత్నం. గ్రామోద్యోగ ఉద్యమం యంత్రానికి గుడ్డి వ్యతిరేకి అనే మాటకు ఇది మంచి ప్రతివాదం.

హరిపుర నుంచి దుర్గ్ దాకా

1938లో గుజరాత్‌లోని హరిపురలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. అధ్యక్షుడు సుభాష్ చంద్రబోస్. గాంధీజీ కోరిక మేరకు నందలాల్ బోస్ అక్కడి అలంకరణ కోసం గ్రామీణ జీవితం మీద బొమ్మలు వేశారు. అవి చేతి కాగితం మీద వేసిన టెంపెరా చిత్రాలు. రైతు, చెప్పులు కుట్టేవాడు, వడ్రంగి, డప్పు వాయించేవాడు: పల్లె పనివాళ్ల బొమ్మలు పల్లె కాగితం మీదికెక్కాయి.

అదే నందలాల్ బోస్, శాంతినికేతన్‌లోని ఆయన శిష్యులు తర్వాత రాజ్యాంగ మూలప్రతిని చిత్రాలతో అలంకరించారు. ఇంగ్లిష్ ప్రతిని ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా, హిందీ ప్రతిని వసంత్ కృష్ణ వైద్య చేతిరాతతో రాశారు. హిందీ ప్రతికి వాడింది చేతి కాగితం. ఇక ఆ హిందీ అనువాద సమితికి అధ్యక్షుడు ఎవరు? ఘనశ్యామ్ సింగ్ గుప్తా. రాయ్‌పూర్‌కు దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న దుర్గ్ ఆయన ఊరు. సెంట్రల్ ప్రావిన్సెస్ శాసనసభకు స్పీకర్‌గా పనిచేశారు. 1950 జనవరి 24న సభ్యులు సంతకాలు చేసిన ప్రతుల్లో ఇదీ ఒకటి. ఛత్తీస్‌గఢ్ పీఎస్సీ అభ్యర్థులు ఈ పేరు తప్పక నోట్ చేసుకోండి.

గ్రీటింగ్ కార్డు ఎక్కడ కలిసింది?

1840లో బ్రిటన్‌లో దూరంతో సంబంధం లేకుండా ఒక పెన్నీకే ఉత్తరం పంపే పద్ధతి వచ్చింది. ఆ సంస్కరణలో పాలుపంచుకున్న హెన్రీ కోల్ 1843లో జాన్ హార్స్‌లీ చేత బొమ్మ వేయించి క్రిస్మస్ కార్డు అచ్చు వేయించాడు. ధర ఒక షిల్లింగ్. షిల్లింగ్ అంటే 12 పెన్నీలు, అంటే కార్డు ధర తపాలా ఖర్చుకు 12 రెట్లు. మొదట్లో అది ధనికుల సరదాయే. అచ్చు చవకయ్యాకే అందరిదీ అయింది. మన దగ్గర 1854లో దేశమంతటికీ ఒకే తపాలా రేటు, 1879లో పావు అణా పోస్టుకార్డు వచ్చాయి. నందలాల్ బోస్ తన శిష్యులకు, మిత్రులకు పోస్టుకార్డుల మీదే బొమ్మలు గీసి పంపేవారు. చేత్తో చేసిన గ్రీటింగ్ కార్డు అంటే అంతకంటే ఏముంది?

తెలుగు ఊళ్లలో సంక్రాంతికి ముందు స్టేషనరీ షాపుల్లో తాళ్లకు క్లిప్పులు పెట్టి కార్డులు వేలాడదీసిన రోజులు మన అక్కలకు, అన్నయ్యలకు బాగా గుర్తు. మొబైల్ మెసేజీలు వచ్చాక ఆ అచ్చు కార్డుల గిరాకీ పడిపోయింది. ఇక్కడే ఆసక్తికరమైన మలుపు ఉంది. చవకగా అచ్చయిన కార్డు మెసేజీ ముందు నిలవలేదు, ఎందుకంటే అది చేసే పని మెసేజీ ఉచితంగా చేస్తుంది. చేత్తో చేసిన కార్డు విలువ సమాచారంలో లేదు, చేసినవాడు పెట్టిన సమయంలో ఉంది. అందుకే అది చిన్నదైనా తన చోటు నిలబెట్టుకుంది. 1959లో మొదలైన పుదుచ్చేరి శ్రీ అరవిందాశ్రమం చేతి కాగితం విభాగం, బనియన్ల కంపెనీల కత్తిరింపు ముక్కలతో కాగితం చేసే సాంగానేర్ కాగ్జీ కుటుంబాలు ఎక్కువగా ఆధారపడింది ఇలాంటి సరుకు మీద, ఎగుమతుల మీద.

ఒక చిన్న లెక్క చూడండి. చేతి కాగితం షీట్ సాధారణ కొలత 22 అంగుళాలు, 30 అంగుళాలు. మడిస్తే 5 బై 7 అంగుళాలు వచ్చే కార్డుకు 7 బై 10 ముక్క కావాలి. 22లో 7 మూడు సార్లు, 30లో 10 మూడు సార్లు. ఒక షీటుకు 9 కార్డులు, పక్కన మిగిలేది ఒక అంగుళం పట్టీ. ఆ పట్టీ కూడా మళ్లీ గుజ్జు తొట్టిలోకే పోతుంది. మిల్లు కాగితంలో నార యంత్రం సాగిన దిక్కుకే ఎక్కువగా వాలి ఉంటుంది కాబట్టి, అడ్డంగా మడిస్తే పగులు కనిపిస్తుంది. చేతి కాగితంలో నార అన్ని దిక్కులా అల్లుకుని ఉంటుంది, ఎటు మడిచినా దాదాపు ఒకేలా మడుస్తుంది. మందం ఎక్కువ కాబట్టి మడిచే ముందు స్కేలు పెట్టి మొద్దు మొనతో ఒక గీత నొక్కాలి. కత్తెర, స్కేలు, మైదా జిగురు ఉంటే ఒక స్వయం సహాయక సంఘం ఈ పని ఇంటి నుంచే మొదలుపెట్టగలదు. ముడి షీటు అమ్మితే వచ్చే దానికంటే కార్డుగా అమ్మితే ఎక్కువ వస్తుంది. ఆర్థికశాస్త్రంలో మనం "విలువ జోడింపు" అని చదువుకునేది ఇదే.

అసలు చర్చ: ఇది బతకడమేనా?

ఇక్కడ రెండు వైపులా రాయాలి. ఒక వైపు: నైపుణ్యం పోలేదు, చెట్టు నరకకుండా వ్యర్థం నుంచి వస్తువు పుడుతోంది, మహిళలకు ఇంటి దగ్గర ఆదాయం వస్తోంది. ఇంకో వైపు: దేశమంతా రాసుకున్న కాగితం ఇప్పుడు గిఫ్ట్ షాపుకే పరిమితం. విదేశీ ఆర్డరు ఆగితే పని ఆగుతుంది. కడగడానికి నీళ్లు బాగా కావాలి. రసాయన రంగులు, బ్లీచింగ్ వాడితే ఆ నీళ్లను శుద్ధి చేయక తప్పదు. చేతి పని అన్నంత మాత్రాన పర్యావరణ హితం అయిపోదు.

మిల్లుల పరిస్థితి కూడా చూడాలి. 1938లో స్థాపించిన సిర్పూర్ పేపర్ మిల్లు వల్లే తెలంగాణలో ఒక ఊరికి కాగజ్‌నగర్ అనే పేరు వచ్చింది. ఆ మిల్లు 2014లో మూతపడి, రాష్ట్ర ప్రభుత్వ రాయితీలతో కొత్త యాజమాన్యం కింద 2018లో తిరిగి తెరుచుకుంది. పెద్ద మిల్లుకే ప్రభుత్వ అండ అవసరమైనప్పుడు, చేతి కాగితానికి అండ ఇవ్వడాన్ని మాత్రమే "దండగ" అనడం న్యాయం కాదు.

మరి ఆ అండ ఏ రూపంలో ఉండాలి? రాజ్యాంగం 43వ అధికరణ గ్రామీణ కుటీర పరిశ్రమలను ప్రోత్సహించమంటుంది. 1956 చట్టంతో ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్ వచ్చింది. సాంగానేర్‌లో కుమారప్ప పేరుతో జాతీయ చేతి కాగితం సంస్థ వచ్చింది. అయితే 2023లో ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కాగితం తయారీ లేదు. చిన్న పరిశ్రమల నుంచి ప్రభుత్వ సంస్థలు తమ కొనుగోళ్లలో 25 శాతం, అందులో భాగంగా మహిళల సంస్థల నుంచి 3 శాతం కొనాలన్న నిబంధన మాత్రం అమల్లో ఉంది.

వుడ్ కాలపు ఆదేశాన్ని ఇప్పుడు గుర్తు తెచ్చుకోండి. చేతి కాగితాన్ని ఎక్కువగా దెబ్బతీసిన వాటిలో ప్రభుత్వ కొనుగోలు ఒకటి. అదే మీటను వెనక్కి తిప్పితే? మనం రాసే ప్రతి జవాబుపత్రం చేతి కాగితం కావాలని ఎవరూ అనరు, ధర కుదరదు. కానీ ప్రశంసాపత్రాలు, ఆహ్వానపత్రాలు, దీర్ఘకాలం నిలవాల్సిన రికార్డులు, పండుగలకు శాఖలు పంపే శుభాకాంక్షల కార్డులు: వీటికి మన్నికే ముఖ్యం. ఇక్కడ చేతి కాగితం దయాదాక్షిణ్యంతో కాక, తన గుణంతోనే గెలుస్తుంది. రేపు మనలో ఎవరైనా ఒక జిల్లాలో కొనుగోలు ఫైలు మీద సంతకం పెట్టే స్థానంలో ఉంటే, ఈ చరిత్ర ఆ ఫైలుకు సంబంధించినదే.

సాధన ప్రశ్నలు

1. "వలస పాలనలో చేతివృత్తుల క్షీణతకు టెక్నాలజీ కంటే ప్రభుత్వ విధానమే ఎక్కువ కారణం." కాగితం తయారీ ఉదాహరణతో చర్చించండి. (250 పదాలు)

2. అఖిల భారత గ్రామోద్యోగ సంఘం ఆశయాలు నేటి స్వయం సహాయక సంఘాలకు ఎంతవరకు వర్తిస్తాయి? (150 పదాలు)

3. ఛత్తీస్‌గఢ్‌లో జాతీయోద్యమ వ్యాప్తికి పండిట్ సుందర్‌లాల్ శర్మ చేసిన కృషిని వివరించండి. (150 పదాలు)

మొదటి ప్రశ్నకు జవాబు రాసేటప్పుడు మూడు కారణాలకూ తలా ఒక పేరా, ప్రతివాదానికి ఒక పేరా, ముగింపులో ప్రభుత్వ కొనుగోలు అంశం పెట్టండి. టైమర్ పెట్టుకుని రాయండి. ఏడెనిమిది నిమిషాల్లో అయిపోతే బాగా రాసినట్టే.